వేరు స్నానం

రోహిణి కార్తె, నాలుగో రోజు

ఈ పుస్తకంలో వేర్ల సంగతి తప్ప సొంత గోడు రాయకూడదని గిడ్డయ్య మామ చేతికిచ్చేటప్పుడే చెప్పాడు. ఆయన మేముండే ఈ గుంతకు పెద్ద. పుస్తకం తెరిచి చదివే ఓపిక ఆయనకు లేదు, చూపు అసలే లేదు. కాబట్టి నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను.

ముందు వేర్ల సంగతి. మూడో మడిలో కంది మొక్కలు నాలుగు పీకి చూశాను. నలభై రోజుల మొక్కలు, జానెడు కూడా లేవు. ఆకులు పసుపు తిరిగాయి. వేరు మీద ఒక్క బుడిపె లేదు. మూడేళ్లుగా ఇదే మాట రాస్తున్నాను, రాసి రాసి చెయ్యి విసిగిపోయింది.

యూరియా బస్తాలు పదకొండు మిగిలాయి. అవి అయిపోతే మా ఉడకమట్టిలో గడ్డి కూడా మొలవదు. మట్టిని ఆవిరి గదిలో ఉడికించి వాడటం ఇక్కడి పద్ధతి. అందులో తెగులు ఉండదు, పురుగు ఉండదు, చెప్పాలంటే ఏమీ ఉండదు. యూరియా తగ్గించి వేస్తున్నప్పటి నుంచి పప్పు సగమైంది. పిల్లలకు కాళ్లు వాస్తున్నాయి. గిడ్డయ్య మామ మనవరాలి పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

కందికి యూరియా అక్కర్లేదని నాకు ముందు ఈ పని చేసిన ముసలామె రాసిపెట్టి పోయింది. బయటి మట్టిలో కంటికి కనపడని జీవాలు ఉంటాయట. అవి వేరులోకి దూరి బుడిపెలు కట్టుకుని, గాలిలో ఉన్న సత్తువను తీసి మొక్కకు పెడతాయట. బదులుగా మొక్క వాటికి తీపి పెడుతుందట. బుడిపె కోసి చూస్తే లోపల ఎర్రగా ఉండాలట. ఆ ఎరుపు నేను ఇంతవరకు చూడలేదు.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

ఈ రోజు కిటికీ రోజు. ఎనిమిది రోజులకొకసారి వస్తుంది.

మా గుంత ఒకప్పుడు నాపరాళ్ల గని. పైన కప్పు వేసి, చుట్టూ గోడ కట్టి, మూడువందల మందిమి లోపల ఉంటున్నాం. గోడకు ఒక తలుపు, ఒక కిటికీ. కిటికీకి మందపాటి గాజు పలక, దాని కింద బేసిన్ పట్టేంత సొరుగు. గోడ అవతల బతికే బయలు మనుషులు సొరుగులో మట్టి పెడతారు, నేను ఇటునుంచి లాక్కుంటాను. ఒకరి చెయ్యి ఒకరికి తగలదు.

మట్టి తెచ్చేది మా అక్క ఉరుకుందమ్మ.

"ఏమే, పోయినసారి ఇచ్చిన మన్ను ఏమాయె?" అంది గాజుకు ముఖం ఆనించి.

"ఏమీ కాలేదు. మడిలో ఏసినా."

"బుడిపెలు?"

"లేవు."

"మా కంది పీకితే గుత్తులు గుత్తులుంటాయి."

"చాల్లే, నీ కంది గొప్ప నాకు తెలుసులే."

నవ్వింది. ముందుపళ్లలో ఒకటి ఊడింది. ఎప్పుడు ఊడిందని అడగబోయి ఊరుకున్నాను. కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఆ కుంటు సంగతి రాయాలి. పన్నెండేళ్ల కిందట గుంతలోకి ఎండు తెగులు వచ్చింది. పది రోజుల్లో మడులన్నీ మాడిపోయాయి. ఆ ఏడు ఆకలికి ముప్పై ఒక్కమంది పోయారు, అందులో గిడ్డయ్య మామ కొడుకులిద్దరు. అక్క అప్పుడు మంచి విత్తనం వెతుక్కుంటూ వాగు అవతలికి పోయింది. తిరిగి వచ్చేసరికి రాయి కోసుకుని కాలు చీరుకుపోయి ఉంది. గాయం వెంట తెగులు వస్తుందని భయపడి, ఒంటి మీద గాయం ఉన్నవాళ్లను లోపలికి రానీయకూడదని ఆమె లేనప్పుడే కట్టడి చేశారు. తలుపు దగ్గర కాపలా నాది. అక్క మూడు రోజులు అవతల కూర్చుని పిలిచింది. నేను గడియ తీయలేదు. నాలుగో రోజు పిలుపు వినపడలేదు.

చచ్చిపోయిందనే అనుకున్నాను. మూడేళ్ల కిందట మట్టి కోసమని గోడకు కిటికీ కొట్టిస్తే, మొదటి బేసిన్ పట్టుకుని నిలబడింది ఆమే. అప్పటి నుంచి ఇద్దరం మట్టి గురించే మాట్లాడుకుంటున్నాం. ఆ మూడు రోజుల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిజానికి నాకు ఇంత మట్టి అక్కర్లేదు. సగం బేసిన్లు ఆమెను చూడాలని అడిగినవే.

సాయంత్రం గిడ్డయ్య మామ వచ్చి మొక్కలు తడిమి చూశాడు.

"సుంకులూ, ఇంగ చాలు. ఈ పంటకు గూడా బుడిపెలు రాకపోతే కిటికీ పూడ్పిస్తా. తీసిన ప్రతిసారీ నాకు గుండె దడే."

ఈ పంటకు, అంటే ఒక్క పంట.

మృగశిర కార్తె, మూడో రోజు

కొత్త మొలకలకు వేరు స్నానం చేయించాం. గుంతలో పండగంటే ఇదొక్కటే. ఆడవాళ్లంతా తలలు దువ్వుకుని వస్తారు, పాటలు పాడతారు. గాజు పళ్లెంలో మొలిచిన కందిని పీకి, వేరును మూడు నీళ్లలో కడిగి, గోధుమరంగు చార ఉందేమో వెలుతురుకు పెట్టి చూసి, నూగువేర్లు మొత్తం గోటితో గీరి, అప్పుడు మడిలో నాటుతాం. తెగులు నూగులో దాక్కుంటుందని పెద్దల భయం.

ఈ పనిలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్ప చెప్పుకోవడం కాదు, అందరూ అనేదే. నా బొటనవేలి గోరు సన్నగా అరగదీసి పెట్టుకుంటాను. వేరు తెగకుండా నూగు మాత్రం ఊడిరావాలంటే నేనే గీరాలి. ఒక్క పూటలో నాలుగువందల మొలకలకు స్నానం చేయించాను. తర్వాత అక్క మట్టిని మొదళ్ల దగ్గర పోసి దండం పెట్టుకున్నాను.

మృగశిర కార్తె, పదకొండో రోజు

కిటికీ రోజు. అక్కతో తగువు పడ్డాను.

నాటగా మిగిలిన మొలక ఒకటి చేతిలో ఉంటే, నా పనితనం చూపిద్దామని స్నానం చేయించి గాజు దగ్గర పట్టుకున్నాను.

"ఇదేందే, ఇట్ల బోడిగా ఉండాది?" అంది అక్క.

"స్నానం చేయించినా."

"ఎవురికి?"

"వేరుకి. మూడు నీళ్లు పోసి, నూగు గీరి."

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, "కందిని ఎవురన్నా పీకి నాటుతారా? ఇత్తి వదిలేస్తారు గాని. మూడేండ్లుగా నేను మన్ను మోసి తెస్తాంటే మీరు చేసే నిర్వాకం ఇదా? ఒళ్లంతా గీరి, ఆ ఎనక సుట్టాల్ని పంపిస్తే రానిస్తాదా అది?" అంది.

"నీకేం, బయట ఎట్లన్నా బతుకుతారు. మాకు తెగులు భయం," అన్నాను. నా గొంతు లేచింది. సొరుగు దబ్బున మూశాను.

మూడేళ్లలో ఆమె ఈ ప్రశ్న ఎందుకు అడగలేదంటే, వేర్లు కడిగేవాళ్లు లోకంలో ఉంటారని ఆమెకు తోచలేదు. ఆమె పన్నెండేళ్ల కిందట పోయేనాటికి ఇక్కడ ఈ స్నానాలు లేవు, తెగులు తర్వాత వచ్చిన పద్ధతి ఇది. నేను ఎందుకు చెప్పలేదంటే, కడగనివాళ్లు ఉంటారని నాకు తోచలేదు. ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. కోపం అక్క మీద కాదని తెలుస్తూనే ఉంది.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

ముసలామె సామాన్లలో నీలిమందు సీసా ఒకటి ఉంది. ఆ మందు వేసి ఊదారంగు దీపం కింద పెడితే, వేరు ఎక్కడెక్కడ తన చుట్టూ గోడ కట్టుకుందో అక్కడ మెరుస్తుందని రాసింది. ఇన్నేళ్లలో తెగులు పట్టిన వేర్ల మీద తప్ప దాన్ని వాడలేదు. బాగున్న వేరును చూడాలని ఎవరికి పుడుతుంది?

పట్టపగలే సామాన్ల గదికి గోనెపట్టాలు కట్టి చీకటి చేసుకున్నాను. రెండు మొలకలు తీసుకున్నాను. ఒకటి నేను స్నానం చేయించింది. రెండోది గాజు పళ్లెంలోంచి మట్టిలోకే జారవిడిచి, వేలు పెట్టకుండా తెచ్చింది. రెండింటినీ అక్క మట్టి కలిపిన నీళ్లలో ఒక పూట ఉంచి, మందు వేసి, దీపం వెలిగించాను.

నేను గీరిన వేరు ఆ చివర నుంచి ఈ చివర దాకా మెరిసింది. నా గోరు తగిలిన ప్రతి చోటా ఒక చుక్క, ఆ చుక్క చుట్టూ వెలుగు. గీరనిది ఊరికే చీకట్లో ఉంది. అక్కడక్కడ కాస్త మెరిసి ఆరిపోయినట్టుంది, అంతే.

ముసలామె రాతలు మళ్లీ చదివి, నాకు అర్థమైనంత రాస్తాను. వేరుకు కళ్లు లేవు. వచ్చినది తెగులో మేలు చేసేదో ముట్టుకోగానే తెలియదు. రెండింటికీ ఒకే రకం తోకలుంటాయి, ఒకే రకం చర్మం ఉంటుంది. ఒళ్లు బాగున్న వేరు కంగారు పడదు, కాస్త ఆగి చూస్తుంది. ఈలోగా మేలు చేసే జీవం తన గుర్తు పంపుతుంది, అది అందాక వేరు కాపలా తగ్గించి లోపలికి దారి ఇస్తుంది. అదే దెబ్బ మీదున్న వేరైతే ఎవరు ముట్టుకున్నా శత్రువే. గుర్తు చదివే తీరిక దానికి ఉండదు. ఉన్న సత్తువంతా గోడలకే పోస్తుంది, ఇక పెరగడానికి ఏం మిగులుతుంది?

నాలుగువందల మొలకలకు నా చేత్తో నేనే తలుపులు వేయించాను. మూడేళ్లకు లెక్క కట్టలేదు, కట్టే ధైర్యం లేదు.

ఆరుద్ర కార్తె, ఐదో రోజు

గిడ్డయ్య మామను దీపం గదికి తీసుకెళ్లి చూపించాను. ఆయన కళ్లకు ఆ వెలుగు కూడా సరిగా ఆనలేదు. విన్నాడు.

"అంటే కడగకుండ, సూడకుండ, బయటి మన్నులో ఇత్తనం ఏస్తానంటావు."

"ఒక్క తొట్టి మామా. కిటికీ పక్కన, మడులకు దూరంగా."

"తెగులొస్తే?"

"తొట్టితో సహా నన్ను బయట పారేయి."

తర్వాత, "నా కొడుకులు పోయిన ఏడు గూడా ఒక్క మడే అన్నారు," అన్నాడు. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "పాప కాలు ఈ పొద్దు చెప్పులో పట్టలేదు. ఏసుకో పో, నీ తొట్టి," అన్నాడు.

నాపరాయి తొట్టిలో అక్క మట్టి నింపి, యాభై విత్తులు వేలితో గుచ్చి వదిలేశాను. ఈ రోజు కిటికీ రోజు కూడా, ఆ మాట చెబితే అక్క తల ఊపింది. మెరిసిన వేరు సంగతి, దెబ్బ తిన్న వేరు ఎవరినీ రానీయని సంగతి కూడా చెప్పాను. చెబుతూ ఆమె కాలి వంక చూడకుండా ఉండటం కష్టమైంది.

పునర్వసు కార్తె, తొమ్మిదో రోజు

ఏమీ చేయకుండా ఉండటం చాలా కష్టమైన పని. నాలుగుసార్లు చెయ్యి తొట్టి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఒక మొక్కయినా పీకి చూద్దామని ప్రాణం కొట్టుకుంటోంది. మొదటి పది రోజుల్లో ఆకులు మళ్లీ పసుపు తిరిగాయి, నా పని అయిపోయిందనుకున్నాను. బుడిపెలు కట్టేవరకు మొక్క ఆకలితోనే ఉంటుందని అక్క చెప్పింది. నిజమో, నన్ను ఊరడించడానికో తెలియదు.

ఆశ్లేష కార్తె, మూడో రోజు

ఉదయం చూస్తే ఆకులు పచ్చబడి ఉన్నాయి. మడుల్లో యూరియా తిన్న మొక్కలకన్నా పచ్చగా ఉన్నాయి. ఒక మొక్క చుట్టూ మట్టి తవ్వి మెల్లగా తీశాను. వేరు పొడుగునా బుడిపెలు, గుత్తులు గుత్తులు.

ఒకటి తుంచి గోటితో చీల్చాను. లోపల ఎర్రగా ఉంది. పంటి చిగుళ్ల రంగు ఎరుపు. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. దగ్గర ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఆశ్లేష కార్తె, నాలుగో రోజు

నిన్నటి సంతోషంలో ఒక సంగతి తట్టలేదు. తొట్టిలో మట్టి ఇప్పుడు బతికి ఉంది. అందులోంచి ఒక దోసెడు తీసి ఇంకో తొట్టిలో వేస్తే అదీ బతుకుతుంది. అక్కడి నుంచి మడికి, ఆ మడి నుంచి మరో మడికి. ఇక బయటి మట్టి అక్కర్లేదు. మట్టి అక్కర్లేకపోతే కిటికీ ఎందుకు?

బుడిపెలు రాకపోతే కిటికీ మూస్తానన్నాడు మామ. వచ్చినా మూస్తాడు. మూడేళ్లుగా నేను ఏ ఎరుపు కోసం ఎదురుచూశానో అదే అక్కను తీసుకుపోతుందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఎవరికీ చెప్పలేదు. తొట్టి మీద గోనెపట్టా కప్పాను.

ఆశ్లేష కార్తె, ఏడో రోజు

మూడు రోజులు దాచాను. ఇంకో పంట దాకా, ఇంకొన్ని బేసిన్ల దాకా, అని నాకు నేను చెప్పుకున్నాను. మట్టికి బలం చాలలేదని చెబితే మామ నమ్ముతాడు. ఇంకో నాలుగు నెలలు అక్క ముఖం చూడొచ్చు.

ఈ రోజు మామ మనవరాలు నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని తన పాదాన్ని నొక్కుకుంటూ, గుంటలు ఎన్ని పడ్డాయో లెక్కపెడుతోంది. ఆటలాగా. నేను తిన్నగా వెళ్లి గోనెపట్టా తీసేసి మామను పిలిచాను.

ఆయన చూపు లేని కళ్లు ఎటో పెట్టి, బుడిపెలను వేళ్లతో చాలాసేపు తడిమాడు. "ఇన్ని ఉండాయా," అన్నాడు. మళ్లీ తడిమాడు. నా తల మీద చెయ్యి పెట్టి, ఆ తర్వాత నేను అనుకున్న మాటే అన్నాడు. "ఇంగ బయటి మన్నుతో పని లేదు గదమ్మా. ఈ కిటికీ రోజు అయినాక పూడ్పిస్తా. మీ అక్క లోపలికి వస్తానంటే నలభై దినాలు ఆవిరి గదిలో పెట్టి రానిస్తా. అంతకంటే నా చేత కాదు."

అంతమాత్రం ఆయన నోట వస్తుందని కూడా నేను అనుకోలేదు.

ఆశ్లేష కార్తె, పదో రోజు

చివరి కిటికీ రోజు. గోడ పనివాళ్లు నాపరాళ్లు పేర్చి పక్కన కూర్చున్నారు. కాసేపు అవతలికి పొమ్మంటే పోయారు.

అక్కకు ఎర్ర బుడిపె చూపించాను, కిటికీ సంగతి చెప్పాను. ఆవిరి గది మాట కూడా చెప్పాను.

"నన్ను గూడా ఉడికిస్తారా?" అంది. "నేను రానులే. నాకు మేకలుండాయి. మా ఆయనుండాడు. ఆయన్ని ఉడికిస్తే ఏమీ మిగల్దు."

నేను నవ్వలేకపోయాను. "అక్కా, ఆ పొద్దు గడియ నా చేతిలోనే ఉన్నింది," అన్నాను.

"తెలుసు. నీ దగ్గు వినపడతాన్నింది."

"మూడు దినాలు పిలిచినావు. తీయలేదు."

"మూడు దినాలు పిలిచినా. ఆ ఎనక మూడేండ్లు తిట్టినా. అంతకుమించి తిట్టే తీరిక యాడిది, మేకలతో?" గాజు మీద అరచెయ్యి పెట్టింది. "మొన్న నువ్వే చెప్తివి గదా, దెబ్బ తగిలిన వేరు అయినోళ్లను గూడా రానీదని. గుంత అట్లుండె. నువ్వూ అట్లుంటివి. నాకు మొన్ననే అర్తమాయె. ఇన్నేండ్లు అర్తం కాలా."

నేను ఆ గాజు మీదే నా చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పన్నెండేళ్లుగా ఈ చేతిని పట్టుకోవాలని ఎంత తపించానో ఏ పుస్తకంలోనూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

"నువ్వే రా," అంది అక్క.

బయటికి పోవడానికి ఎవరూ అడ్డం చెప్పరు. తిరిగి రావడానికే లేదు. ఇక్కడి నుంచి పోయినవాళ్లలో ముగ్గురికి ఒకరు మొదటి నెల దాటలేదు, బయటి గాలి, నీళ్లు మా ఒంటికి కొత్త. అదే చెప్పాను.

"మూడేండ్లుగా నా మన్నులో చేతులు పెడతాండావు. ఏమన్నా అయిందా? నువ్వంటే దానికి అలవాటే, అదంటే నీకు అలవాటే." గాజు మీద వేలితో తట్టి, "ఒంటి మీద దెబ్బ మాత్రం లేకుండ రా. మిగతాది నేను సూసుకుంటా," అంది.

నాలుగు రోజుల గడువు అడిగాను.

మఖ కార్తె, మొదటి రోజు

ఇకపై ఈ పుస్తకం రాసేవాళ్లకు: తొట్టి మట్టి దోసెడు చొప్పున ప్రతి మడికీ వేయండి. యూరియా వేయకండి, అది దొరికితే మొక్క ఎవరికీ తలుపు తీయదు. మొలకను పీకకండి. నాలుగో రోజుకో ఐదో రోజుకో వేరు చూడాలని మీకు చాలా అనిపిస్తుంది. చూడకండి.

గిడ్డయ్య మామ తలుపు దగ్గర బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నాడు. చివరికి, "నువ్వు పోతే వేరు స్నానం ఎవరు చేయిస్తారు సుంకులూ?" అన్నాడు. పాపం, మరిచిపోయి అడిగాడు.

"ఎవురూ చేయించొద్దు మామా. అందుకే పోగలుగుతాండా," అన్నాను.

ఇన్నేళ్లు నేను లేకపోతే మొలక బతకదనుకుని ఉన్నాను. నా చెయ్యి తగలకపోతేనే బతుకుతుందని తెలిశాక ఇక్కడ నాకు పని లేదు. ఏడుపు వచ్చే మాటే, అయినా మనసు తేలికగా ఉంది. భయం కూడా ఉంది, లేదంటే అబద్ధం. మూడువందల మంది వంట వాసన ఇక నాకు ఉండదు. వేరు స్నానం నాటి పాటలు ఎవరూ పాడరు, నేను బయట పాడుకుంటే మేకలు వినాలి.

చేతులు, మోకాళ్లు, అరికాళ్లు అన్నీ వెలుతురుకు పెట్టి చూసుకున్నాను. ఎక్కడా ఒక్క గీత లేదు.

తలుపు అవతల అక్క వచ్చి చాలాసేపయింది. కాలు నొప్పి పుట్టి రాయి మీద కూర్చున్నట్టుంది, మాట కింద నుంచి వస్తోంది. ఇంకా ఏం రాస్తాండావే అని అడుగుతోంది. అయిపోయింది, వస్తాండా అన్నాను.